సిల్వరాడో సైలెన్సర్ పీకిన కథ: మా ట్రక్కు డైరీ

నవంబర్ 1, 2025, శనివారం

ముందు బండి సంగతి. 2005 షెవీ సిల్వరాడో 1500, 5.3 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్, 1,68,000 మైళ్ళు తిరిగింది. మూడేళ్ళ కిందట ఇక్కడే టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒకాయన దగ్గర కొన్నాను, ఆయన దీన్ని ఒహాయో నుంచి తెచ్చుకున్నాడట, కొన్న రోజు ఆ మాట నాకు పెద్దగా పట్టలేదు. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. టెక్సాస్‌లోనే తిరిగిన బండికి ఉండని తుప్పంతా దీని అడుగున ఉంది.

నెల రోజులుగా స్టార్ట్ చేయగానే డబ్బాలో చిల్లర వేసి ఆడించినట్టు గలగలమంటోంది. ఇవాళ కింద దూరి, పొగ గొట్టంలో చప్పుడు తగ్గించే మఫ్లర్ డబ్బా మీద చేత్తో తట్టి చూశా, శబ్దం అందులోంచే. లోపలి రేకు ఏదో ఊడిపోయింది. అంచు దగ్గర సన్నగా మసి చార కూడా ఉంది, అంటే అక్కడ పొగ కారుతోంది. షాపులో అడిగితే 400 డాలర్ల పైన చెప్పారు. ఆ డబ్బు పెట్టి మళ్ళీ అదే చప్పుడు లేని డబ్బా ఎందుకు, అసలు మఫ్లర్ తీసేసి మామూలు పైపు వేసేద్దాం, వి8 ఎలా మోగుతుందో ఒకసారి వినొచ్చు కదా అనిపించింది. నిజం చెప్పాలంటే ఈ ఆలోచన కొన్న రోజు నుంచే ఉంది, గలగల ఒక సాకు.

అమ్మా నాన్నా సెప్టెంబర్‌లో తణుకు నుంచి వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర "వచ్చే శనివారం మఫ్లర్ తీసేస్తున్నా" అన్నాను. అమ్మ వెంటనే "చలి మొదలవుతుంటే మఫ్లర్ తీసేయడమేంట్రా, చెవుల్లోకి గాలి పోతుంది" అంది. నాన్న నవ్వు ఆపుకుంటూ "వాడు చెప్పేది సైలెన్సర్ గురించే" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో దాన్ని సైలెన్సర్ అనే అంటున్నాం.

నాన్న ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ నడిపిన మనిషి. ట్రాక్టర్ సైలెన్సర్ బానెట్ పక్క నుంచి నిలువుగా లేచి ఉంటుంది, పైన వాన నీళ్ళు పడకుండా చిన్న రేకు మూత, ఇంజన్ ఆడినంతసేపూ ఆ మూత టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. ఓసారి అది విరిగి చేలో పడిపోతే సైలెన్సర్ లేకుండానే వారం దుక్కి దున్నారట. "సాయంత్రం ఇంటికొస్తే మీ అమ్మ మాట్లాడేది వినపడేది కాదు" అన్నారు. అది ఫిర్యాదో సంతోషమో తెలియలేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక గీత గీసుకున్నా. ఈ బండిలో పొగ దారి ఇలా ఉంటుంది: ఇంజన్‌కి రెండు పక్కల రెండు మానిఫోల్డులు (సిలిండర్ల పొగని పోగుచేసే గొట్టాలు), ఒక్కో దాని కింద పొగలో విషాన్ని తగ్గించే ఒక్కో క్యాటలిటిక్ కన్వర్టర్, ఆ రెండు పైపులూ కలిసి ఒకటై, అక్కడొక ఫ్లాంజ్ (రెండు పైపుల్ని నట్లతో కలిపే అంచు), ఆ తర్వాత మఫ్లర్, దాని వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీదుగా వంపు తిరిగి కుడి వెనక చక్రం వెనక బయటకొచ్చే తోక పైపు. ఆక్సిజన్ సెన్సర్లు నాలుగూ కన్వర్టర్లకి ముందూ వెనకా ఉన్నాయి. ఫ్లాంజ్ వెనక ఏం చేసినా కంప్యూటర్‌కి తెలియదు, చెక్ ఇంజన్ లైటు రాదు. ఫ్లాంజ్ ముందు మాత్రం చెయ్యి పెట్టను. కన్వర్టర్ పీకేయడం దేశమంతటా నేరం, పైగా ఈ ఏడాది జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా, కాలిన్, డెంటన్, డాలస్‌తో కలిపి 17 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పొగ పరీక్ష అలాగే ఉంది. నాకు డిసెంబర్‌లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది, దానికి ఆ పరీక్ష పాసవ్వాలి.

నవంబర్ 8, శనివారం

ఊడింది. కానీ గంటన్నర పని అనుకున్నది ఆరున్నర గంటలు పట్టింది.

గురు, శుక్రవారాలు సాయంత్రం పూట ఫ్లాంజ్ నట్లకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచా. పొద్దున్నే ముందు చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టి, వెనక వైపు లేపి, జాక్ స్టాండ్లు (బండి బరువు మోసే ఇనప కాళ్ళు) యాక్సిల్ కింద కాకుండా ఫ్రేమ్ కింద పెట్టా. అలా పెడితే యాక్సిల్ కిందకి వేలాడి పైపుకి, దానికి మధ్య నాలుగైదు అంగుళాల సందు ఎక్కువ దొరుకుతుంది. ఉత్త జాకీ మీద నిలబెట్టి కిందకి దూరేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చేయకండి. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డ్రైవ్‌వేలో కూర్చున్నారు. బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూసి "ఆఁ, ఇప్పుడు దూరు" అన్నాకే కిందకెళ్ళా.

నట్లలో ఒకటి తప్ప అన్నీ బుద్ధిగా వచ్చాయి. ఆ ఒక్కటి అర చుట్టు తిరిగి, మెత్తబడింది కదా అని నేను సంతోషించేలోపు స్టడ్ అనే మర చువ్వతో సహా తెగిపోయింది. అది మెత్తబడటం కాదు, మెలి తిరగడం. మిగిలిన ముక్కని డ్రిల్లుతో తొలిచి తీయడానికి గంటా పది నిమిషాలు, మూడు డ్రిల్ బిట్లు. పడుకుని పైకి డ్రిల్ చేస్తుంటే రజను అంతా మొహం మీదే పడుతుంది, అద్దాలు పెట్టుకున్నా పక్క సందులోంచి కంట్లోకి పోయింది. మా ఆవిడ కళ్ళు కడిగించి, ఈత కొట్టేటప్పుడు పెట్టుకునే అద్దాలు తెచ్చిచ్చింది. చూడ్డానికి జోకర్‌లా ఉన్నా గానీ ఆ తర్వాత ఒక్క రేణువు కూడా లోపలికి పోలేదు.

మఫ్లర్, తోక పైపు రెండూ ఒకే ముక్కగా వెల్డ్ చేసి ఉంటాయి, యాక్సిల్ మీదుగా అలా బయటకి రావు, కొయ్యాల్సిందే. ఎదురింటి పెద్దాయన బ్యాటరీ రంపం ఇచ్చాడు, ముందుకీ వెనక్కీ ఆడే రకం. మఫ్లర్ వెనక అంగుళంన్నర వదిలి కోశా. కోసేముందు రెండో జాకీ మఫ్లర్ కింద పెట్టడం మంచిదైంది, ఒక్కసారిగా బరువంతా దాని మీదకి దిగింది, లేకపోతే అది నా ఛాతీ మీద పడేది. పెట్రోల్ ట్యాంకు ఎడమ పక్క ఉంది, కోసేది కుడి పక్క, అయినా మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలోనే పెట్టుకున్నా. పైపుని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లకి సబ్బు నీళ్ళు రాస్తే గాజులు తీసినట్టు జారి వచ్చేశాయి.

కొత్త పైపు ఎంత సైజు తేవాలో చూడటానికి నా దగ్గర కొలిచే క్యాలిపర్ లేదు. అమ్మ బ్లౌజుల కొలతలకి తెచ్చుకున్న టేపు ఇచ్చింది. ముందు పైపు చుట్టుకొలత 24 సెంటీమీటర్లు, 3.14తో భాగిస్తే 7.6, అంటే మూడంగుళాల పైపు. వెనకది 22, అంటే రెండు ముప్పావు. రెండిటినీ కలిపే అడాప్టర్, నాలుగడుగుల పొడవున్న మూడంగుళాల పైపు, అతుకులు బిగించే బ్యాండ్ క్లాంపులు తెచ్చా. యు ఆకారం క్లాంపులు చవకే గానీ అవి పైపుని నొక్కేస్తాయి, రేపు విప్పాలంటే మళ్ళీ రంపమే గతి. బ్యాండ్ క్లాంపు చుట్టూ సమంగా పట్టుకుంటుంది, ఎన్నిసార్లయినా విప్పుకోవచ్చు. ఇది నాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తా.

సాయంత్రం నాలుగింటికి స్టార్ట్ చేశా. అబ్బ! ఏం చెప్పను, ఛాతీలో తగిలింది. మా అమ్మాయి గెంతులేసింది. ఎదురింటాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. మా ఆవిడ మాత్రం లోపలికి రమ్మని సైగ చేసింది, వెళ్తే వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

నవంబర్ 9, ఆదివారం

పాత మఫ్లర్‌ని గ్రైండర్‌తో పొడవునా కోసి తెరిచాం. నాన్నకి ట్రక్కు కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

మొదటి కోత పడగానే నీళ్ళు. ఒక చెంబుడు ఉంటాయి, ఇటుక రంగులో, పుల్లటి వాసన. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్ళే పుడతాయి, దూర ప్రయాణమైతే ఆవిరై బయటకి పోతాయి, నాలాగా ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి రెండేసి మైళ్ళు తిప్పితే మఫ్లర్ సరిగా వేడెక్కదు, నీళ్ళు లోపలే నిలుస్తాయి. అంటే ఉప్పు బయట నుంచి తింటే నేను లోపల నుంచి తినిపించా. ఒహాయో ఆయన్ని ఒక్కడినే అనడానికి లేదు.

లోపల మూడు గదులు. పొగ ముందు గదిలోకి వచ్చి, చిల్లుల గొట్టంలోంచి వెనక గదికి పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి మధ్య గదికొచ్చి, అక్కడి నుంచి బయటకి. పాత కాలం మండువా ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదికి తిరిగినట్టు. గదుల మధ్య అడ్డు రేకు ఒకటి వెల్డింగ్ దగ్గర విరిగి పడుంది, గలగల దానిదే. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి "ఇంత చేసిన వాళ్ళు ఏదో ఆలోచించే చేసుంటారు కదరా" అన్నారు. ఆ పూట నేను పట్టించుకోలేదు.

నవంబర్ 14, శుక్రవారం

వారం నడిపా. ఊళ్ళో సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు బ్రహ్మాండం. 121 టోల్‌వే ఎక్కి 70 మైళ్ళ దగ్గర క్రూజ్ (వేగం దానంతటదే నిలిచే మీట) పెట్టగానే నరకం. బయటికి వచ్చే శబ్దం కాదది, క్యాబిన్ లోపల బూంమ్మ్మ్ అని ఒకే స్వరం, ఆగకుండా, కణతల దగ్గర. ఇక్కడి వాళ్ళు దీన్ని డ్రోన్ అంటారు, మనకి డ్రోన్ అంటే పెళ్ళిలో పైన ఎగిరేది కాబట్టి నేను హోరు అంటా. బుధవారం అందరం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళొచ్చాం, దిగాక అమ్మ "తల దిమ్మెక్కిందిరా, చెవుల్లో ఇంకా మోగుతోంది" అని ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. నేను పొద్దున అయిదున్నరకి ఆఫీసుకి బయల్దేరితే వీధంతటికీ తెలుస్తోంది.

పవర్ ఏమైనా పెరిగిందా అంటే నాకు తెలిసినంతలో లేదు. మైలేజీ ట్యాంకుకి ట్యాంకు అదే. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకి అనిపిస్తుంది, అంతే.

నిన్న రాత్రి చట్టం కూడా చదివా, ముందే చదవాల్సింది. టెక్సాస్ రవాణా చట్టం 547.604 ప్రకారం బండికి పని చేసే మఫ్లర్ ఉండి తీరాలి. పొగని మఫ్లర్ తప్పించి పంపే కటౌట్లూ బైపాస్‌లూ కూడా కుదరవు. పోలీసు ఆపితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఈ వారం ఎవరూ ఆపకపోవడం నా అదృష్టం.

నవంబర్ 15, శనివారం

ఉత్త పైపు తీసేసి మఫ్లర్ పెట్టా. పాత రకం గదులది కాదు, మధ్యలో చిల్లుల గొట్టం నేరుగా పోతూ దాని చుట్టూ గ్లాస్ ఉన్ని కూరి ఉండే రకం, ఒళ్ళు 18 అంగుళాలు. బ్యాండ్ క్లాంపులు కాబట్టి మొత్తం 40 నిమిషాల్లో అయిపోయింది. వీధిలో చప్పుడు సగానికి సగం తగ్గింది, స్టీలు గ్లాసులు మోగడం లేదు. గొంతు బాగుంది, అరుపు పోయి బొంగురు మిగిలింది.

కానీ 70 దగ్గర హోరు అలాగే ఉంది! కొంచెం పలచబడింది, పోలేదు.

మధ్యాహ్నం మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని టోల్‌వే మీదకెళ్ళా, ఆవిడ చేతిలో ఫోన్, అందులో శబ్దాన్ని ఏ స్వరం ఎంత అని విడదీసి చూపించే యాప్. 70 మైళ్ళు, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్ 2000 దగ్గర, యాప్‌లో ఒకే ఒక్క గీత తాటిచెట్టులా నిలబడింది, 134 హెర్ట్జ్ (సెకనుకి 134 అలలు) దగ్గర. ఇంటికొచ్చి లెక్క వేశా. ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఒక చుట్టుకి నాలుగు పేలుళ్ళు, నిమిషానికి 2000 చుట్లు, అంటే సెకనుకి 133. అచ్చంగా అదే. ఇంజన్ పేలుళ్ళ లయే, పైపూ క్యాబినూ కలిసి దాన్ని పెంచి పెద్ద చేస్తున్నాయి. అంటే నేను పోరాడాల్సింది మొత్తం చప్పుడుతో కాదు, ఈ ఒక్క స్వరంతో. ఇది తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

నవంబర్ 22, శనివారం

ఒక్క స్వరాన్ని చంపడానికి జె పైపు అని ఒకటుంది. పొగ పైపుకి పక్కన ఒక కొమ్మలా ఇంకో పైపు అతికించి దాని చివర మూసేస్తారు. అంతే, లోపల ఏమీ ఉండదు, పొగ అందులోంచి ఎటూ పోదు.

నాన్నకి చెప్తే నమ్మలేదు. "మూసేసిన పైపు ఏం చేస్తుందిరా?" కుళాయి కింద బిందె పెడితే నిండే కొద్దీ శబ్దం సన్నబడుతుంది కదా, లోపల గాలి పొడవు తగ్గే కొద్దీ స్వరం పైకి పోతుంది, ప్రతి పొడవుకీ ఒక సొంత స్వరం ఉంటుంది అన్నాను. మూసిన పైపులోకి దూరిన శబ్దపు అల చివర కొట్టుకుని వెనక్కి వస్తుంది. పైపు పొడవు సరిగ్గా అల పొడవులో నాలుగో వంతు ఉంటే, పోయి వచ్చేసరికి సగం అల ఆలస్యమవుతుంది, అప్పుడు అసలు అల పైకి లేస్తుంటే ఇది కిందకి దిగుతూ ఎదురొస్తుంది, రెండూ కొట్టుకుపోతాయి. ఆయన కాసేపు ఆలోచించి "అంటే జమా ఖర్చూ సరిపోయినట్టన్నమాట" అన్నారు. నేను చెప్పిన దానికంటే అదే బాగుంది.

శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని 4తో, 133తో భాగిస్తే 0.645 మీటర్లు, అంటే పాతికంగుళాల చిల్లర. ఎదురింటాయన దగ్గర చిన్న వెల్డింగ్ మిషన్ ఉంది, కొమ్మని బండి కింద కాకుండా గరాజ్‌లో బల్ల మీదే అతికా. నా వెల్డింగ్ గోడకి కొట్టిన పిడకల్లా ఉంది. నాన్న దగ్గరగా చూసి తణుకులో షాపు బయట పనికి నిలబడే కుర్రాడు కూడా ఇంతకంటే నయంగా వేస్తాడన్నారు. నిజమే. కానీ పిడక గట్టిగానే అంటుకుంది.

కారుతోందేమో చూడటానికి చల్లగా ఉన్నప్పుడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి తోక పైపులో గుడ్డతో బిగించా, అతుకులన్నిటి మీదా గిన్నెల సబ్బు నీళ్ళు చల్లా. రెండు చోట్ల బుడగలు. ఒకటి క్లాంపు బిగిస్తే పోయింది, రెండోది నా పిడకలో సూది బెజ్జం, మళ్ళీ వేశా. ఈ పరీక్ష మానేయొద్దు, క్యాబిన్ కింద కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.

ఎంతో ఆశగా టోల్‌వే ఎక్కితే 70 దగ్గర హోరు ఎక్కడికీ పోలేదు. మహా అయితే పావలా వంతు తగ్గింది. ఉక్రోషం వచ్చింది. ఇంటి దారిలో గేరు లీవర్ ఊరికే 3లో పడేసి 58 మైళ్ళ మీద పోతున్నా, టాకోమీటర్ 2400 దగ్గరుంది, ఒక్కసారిగా క్యాబిన్‌లో నిశ్శబ్దం. గేరు మార్చా, హోరు. మళ్ళీ 3లో వేశా, నిశ్శబ్దం. అంటే పైపు పని చేస్తోంది, తప్పు స్వరం మీద చేస్తోంది.

నవంబర్ 28, శుక్రవారం

తప్పు ఎక్కడో సోమవారం ఆఫీసు మీటింగులో ఉండగా తట్టింది. 343 అనేది గదిలో గాలికి. పైపు లోపల గాలి వేడిగా ఉంటుంది, వేడి గాలిలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది. 130 డిగ్రీల దగ్గర సెకనుకి 400 మీటర్లు. 400తో మళ్ళీ వేస్తే పాతికంగుళాల పైపు 133 దగ్గర కాదు, 157 దగ్గర పని చేయాలి, అంటే 2360 చుట్ల దగ్గర. లీవర్ 3లో నేను విన్న నిశ్శబ్దం సరిగ్గా అక్కడిదే! 133కి కావాల్సింది 29న్నర అంగుళాలు.

నిన్న థాంక్స్‌గివింగ్, ఇవాళ సెలవు. మూతని కోసేసి, బయట నుంచి ఎక్కే తొడుగు పైపు పెట్టి, బ్యాండ్ క్లాంపుతో బిగించా. ఇప్పుడు పొడవు వీణ బిరడాలా జరుపుకోవచ్చు. 28 దగ్గర పెట్టి వెళ్ళొచ్చా, తగ్గింది. 29న్నర, ఇంకా తగ్గింది. 31, మళ్ళీ పెరిగింది. 29న్నరకే తెచ్చి బిగించేశా. యాప్‌లో తాటిచెట్టు పోయి ఈత మొక్క మిగిలింది. సిగ్నల్ దగ్గర బొంగురు గొంతు అలాగే ఉంది, నాకు కావాల్సిందీ అదే. ఇదే బండి 2007 తర్వాతి మోడల్ ఉన్నవాళ్ళు ఒకటి గమనించుకోండి, వాటిలో చాలావాటికి నిదానంగా పోతుంటే నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటుంది, అప్పుడు పేలుళ్ళు సగమే, హోరు కూడా వేరే చోట ఉంటుంది, నా 29న్నర మీకు పనికిరాదు.

మొత్తం ఖర్చు 236 డాలర్లు, తెగిన డ్రిల్ బిట్లతో కలిపి. నాలుగు శనివారాలు లెక్కేయకపోతే షాపు కంటే చవకే.

డిసెంబర్ 6, శనివారం

పొద్దున పొగ పరీక్షకి వెళ్ళా. స్టీరింగ్ కింద ప్లగ్‌లో వైరు పెట్టి కంప్యూటర్‌ని అడుగుతారు, అంతే, పాసయింది. మఫ్లర్ వైపు పరీక్ష చేసినాయన చూడను కూడా చూడలేదు. వారం నుంచి ఇంట్లో వాడే బ్యాటరీ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి సీటు పక్కన పెట్టుకుని తిరుగుతున్నా, అంకె సున్నా దాటలేదు.

మధ్యాహ్నం అమ్మానాన్నలతో మళ్ళీ గుడికి. టోల్‌వే ఎక్కాక 70 దగ్గర క్రూజ్ పెట్టి, ఎలా ఉందమ్మా అని అడుగుదామని అద్దంలో చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తలకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని ఉంది కాబట్టి ఈ పరీక్ష చెల్లదని నాన్న అభ్యంతరం.

ఒకటి మిగిలింది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక టక్కుమని ఒక చప్పుడు. జె పైపు బరువంతా ఒక్క హ్యాంగర్ మీదే పడుతోంది, రబ్బరు సాగి పైపు ఫ్రేమ్‌కి తగులుతున్నట్టుంది, ఆ చోట రంగు కూడా లేచింది. గట్టి రబ్బరు ఇవాళ ఆర్డర్ పెట్టా, మంగళవారం వస్తుంది. అప్పటిదాకా నాన్న సలహా మీద ఇనప తీగ కట్టి ఉంచా.